పాఠం చెప్పేవాళ్లెందరు?

ఆగస్టు వచ్చిందంటే పహాడీ షరీఫ్ రోడ్డు మీద రాత్రి పూట కార్ల రద్దీ పెరుగుతుంది. పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు బాబా షర్ఫుద్దీన్ దర్గా గుట్టను దాటుకుని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తుంటారు. డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు, వాటిలో పచ్చళ్లు, పొడులు. ముందు కారులో ఎంఎస్‌కు వెళ్లే అబ్బాయో అమ్మాయో, వెనక కారు నిండా చుట్టాలు.

2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు చదివారు. వాళ్లలో సగానికి పైగా రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లేనని హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ చెప్పింది. వీసా గురించి, బ్యాంకు లోను గురించి మన ఇళ్లలో గంటల తరబడి మాట్లాడుకుంటాం. అక్కడ పాఠం చెప్పేవాళ్లెందరు, ఇక్కడెందరు అన్నది మాత్రం ఎవరూ అడగరు.

కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం 2021-22లో మన ఉన్నత విద్యాసంస్థల్లో అధ్యాపకులు 15.98 లక్షల మంది. అమెరికాలో 2021లో దాదాపు 15 లక్షలు. సంఖ్యలో మనదే కాస్త పైచేయి. కానీ చదివేవాళ్లు అక్కడ సుమారు 1.86 కోట్లు, ఇక్కడ 4.33 కోట్లు. అక్కడ ఒక్కో అధ్యాపకుడికి 12 మంది, ఇక్కడ 27 మంది.

ఈ లెక్కను ఇంకాస్త జల్లెడ పట్టాలి. మన 4.33 కోట్లలో దాదాపు 46 లక్షల మంది దూరవిద్య వాళ్లు. వాళ్లను తీసేస్తే 24 అవుతుంది. అమెరికా అధ్యాపకుల్లో సుమారు 44 శాతం పార్ట్‌టైం వాళ్లే, అక్కడి ఉన్నత విద్యకు అదో పెద్ద జబ్బు. పార్ట్‌టైం వాళ్లందరినీ పక్కనపెట్టి, విద్యార్థుల్లో ఒక్కరినీ తగ్గించకుండా చూసినా అక్కడ 22 దగ్గరే ఆగుతుంది. వాళ్లకు ఎంత కఠినంగా, మనకు ఎంత ఉదారంగా లెక్కగట్టినా మనం వెనకే ఉన్నాం.

పైగా మన లెక్కకు ఒక చేదు చరిత్ర ఉంది. ఆధార్ వివరాలు సరిపోల్చినప్పుడు సుమారు 80 వేల మంది అధ్యాపకులు ఒకటికి మించి కాలేజీల్లో పనిచేస్తున్నట్టు తేలిందని 2018 జనవరిలో అప్పటి మంత్రి ప్రకాశ్ జావడేకర్ వెల్లడించారు. 2015-16లో 15.18 లక్షలున్న సంఖ్య 2017-18కి 12.84 లక్షలకు పడిపోయింది. తనిఖీ కమిటీ వచ్చిన రోజున మాత్రమే కాలేజీలో కనిపించే లెక్చరర్ గురించి ఇంజినీరింగ్ చదివిన ఏ కుర్రాడినడిగినా చెబుతాడు. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఇది పచ్చి మోసం.

మరి చదువు చెప్పగలవాళ్లు లేరా? 2021-22లో దేశంలో 2.12 లక్షల మంది పీహెచ్‌డీ చేస్తున్నారు. నెట్, సెట్ పాసై గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు మన ఊళ్లలోనే బోలెడంత మంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022 సెప్టెంబరులో శాసనసభ బిల్లు ఆమోదించినా అది ముందుకు కదల్లేదు. చివరికి 2025 జనవరిలో ప్రొఫెసర్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కి పెంచారు. అనుభవజ్ఞులు ఉండాల్సిందే. కానీ నలభైలకొచ్చినా మొదటి పోస్టింగు దొరకని పార్ట్‌టైం లెక్చరర్‌కు అది ఇంకో అయిదేళ్ల నిరీక్షణ.

2035 నాటికి కాలేజీ వయసు వాళ్లలో సగం మందిని చదివించాలని జాతీయ విద్యావిధానం లక్ష్యం. 2021-22లో అది 28.4 శాతం. ఇప్పటి నిష్పత్తిని నిలుపుకోవాలన్నా ఇంచుమించు మరో 12 లక్షల మంది అధ్యాపకులు కావాలి.

అమెరికా లెక్కలో చేరనివాళ్లు ఇంకొందరున్నారు. పీహెచ్‌డీ చేస్తూ ల్యాబులు నడిపే, పేపర్లు దిద్దే టీచింగ్ అసిస్టెంట్లను అక్కడ ఫ్యాకల్టీ కింద లెక్కించరు. ‘మావాడికి టీఏ వచ్చింది’ అని మనవాళ్లు సంబరంగా చెప్పుకునేది ఈ పని గురించే. అలా అక్కడి తరగతి గదిలో పాఠం చెప్పడం మీద మక్కువ పెంచుకున్న మన పిల్లలు ఇక్కడికొచ్చి చేరాలంటే, ముందు ఒక నోటిఫికేషన్ రావాలి.