మబ్బు కమ్మితే మోకాలు నొస్తుందా?

నైరుతి రుతుపవనాలు ప్రవేశించే జూన్ మాసంలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇళ్లలో వాతావరణ శాఖ కంటే ముందుగా వర్షసూచన చేసేవి పెద్దల మోకాళ్లే. “సాయంత్రానికి వాన తప్పదు” అని నానీ అంటే పిల్లలు నవ్వుకుంటారు. ఆ నవ్వు సమంజసమేనా?

ఈ నమ్మకం ప్రాచీనమైనది. కీళ్లనొప్పిని వజవుల్ మఫాసిల్ అని పిలిచే యునానీ వైద్యం, చల్లదనం, తేమ గుణాలు గల బల్గమ్‌ను దానికి ఒక ముఖ్య కారణంగా భావిస్తుంది. ఆధునిక పరిశోధకులు మాత్రం చాలాకాలం సందేహించారు. 1996లో రెడెల్‌మైయర్, ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు 18 మంది రోగులను 15 నెలలపాటు పరిశీలించి, నొప్పికీ వాతావరణానికీ సంబంధం లేదని తేల్చారు. నొప్పి లేని వానరోజు మనకు గుర్తుండదు, నొప్పి ఉన్న వానరోజు గుర్తుంటుంది అన్నది వారి వాదన. అయితే 2019లో వెలువడిన మాంచెస్టర్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2,600 మందికి పైగా బాధితుల నమోదులను పరిశీలించి, తేమ, గాలి అధికమై వాయుపీడనం తగ్గిన రోజులలో నొప్పి కొంత పెరుగుతున్నదని కనుగొన్నది. ఆ పెరుగుదల స్వల్పమే: మామూలు రోజున నూటికి 5 ఉండే అవకాశం అటువంటి రోజున 6 అవుతుంది.

కనుక నానీ మాట కల్పన కాదు. కానీ నేరమంతా మబ్బుదీ కాదు. పీడనం తగ్గితే కీలు చుట్టూ ఉన్న కణజాలం కొద్దిగా ఉబ్బుతుందని ఒక ఊహ. అదే సర్వస్వమైతే, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాదు వాసులు మచిలీపట్నం వారికంటే ఏడాది పొడవునా ఎక్కువ బాధపడాలి! సాధారణ అల్పపీడనం వల్ల తగ్గే పీడనం కంటే ఈ తేడా ఎన్నో రెట్లు ఎక్కువ.

నా దృష్టిలో అసలు నష్టం మరోచోట ఉన్నది. కుండపోత వాన కురిస్తే హుస్సేన్ సాగర్ నాలా వెంబడి అశోక్ నగర్ వీధులలో నీరు నిలుస్తుంది. ఇందిరా పార్కు నడక ఆగిపోతుంది. పెద్దలు మూడు రోజులు మంచం దిగరు. కీలు బిగుసుకుంటుంది, తొడ కండరాలు నీరసిస్తాయి, నాలుగో రోజు నొప్పి ఇంకా పెరుగుతుంది. నింద మాత్రం వానకే! ఆ రోజులలో ఇంట్లోనే వరండా చివరి నుంచి చివరికి నడవడం, కుర్చీలో కూర్చుని కాలు చాచి దించడం ఎంతో మేలు.

మందుల దుకాణంలో నొప్పి మాత్రలు అడిగి కొని వారాల తరబడి మింగడం మరో ప్రమాదం. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అవి హానికరం.

డిసెంబరు చలిలో ఫజ్ర్ ఉజూకు గోరువెచ్చని నీరు వాడటంలో ఏ దోషమూ లేదు. నిలబడలేనివారు కూర్చుని, అదీ సాధ్యం కానివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని దైవప్రవక్త (సల్లం) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించిన హదీసు బుఖారీలో ఉన్నది. అరిగిన మోకాళ్లను సజ్దాలో పూర్తిగా మడవడం భారమైతే కుర్చీ వేసి ఇవ్వవలసిన బాధ్యత ఇంటివారిది. పెద్దలు అడగడానికి మొహమాటపడతారు.

ఉదయం లేవగానే వేళ్లు, మణికట్లు అరగంటకు పైగా బిగుసుకుని ఉన్నా, కీలు వాచి వెచ్చగా తగిలినా అది వయసు అరుగుదల కాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. ఆలస్యమైతే కీళ్లు వంకరపోతాయి. వాన వెలిసేదాకా ఆగక వైద్యుని సంప్రదించాలి.