పాత ట్రాక్టర్‌కు ఇంజిన్ ఆయిల్ కారుతోందా? సీలు మార్చే ముందు ఇవి చూడండి



మనలో చాలామంది దగ్గర ఉన్నది ఇరవై, ఇరవై ఐదేళ్ల పాత ట్రాక్టరే. నాదీ అంతే, మూడు సిలిండర్ల బండి, 35 హెచ్‌పీ. "పాత బండి అన్నాక ఆయిల్ కారకుండా ఉంటదా" అని అందరూ అనే మాటే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చిన్న లెక్క చూద్దాం.

నిమిషానికి ఆరు చుక్కలు కారుతున్నాయనుకోండి. చూడటానికి ఏమంత కాదు. రోజుకు 8 గంటలు దున్నితే 2,880 చుక్కలు. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు కాబట్టి రోజుకు దాదాపు 144 మి.లీ. ఏడు రోజుల్లో లీటరు నల్ల ఆయిల్ మన చేలోనే పడుతుంది. నేలలో సూక్ష్మజీవులు పెరగాలని ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పారిస్తాం. ఆ నేల మీదే ఇదీ పోస్తున్నాం. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో మసి, అరిగిన లోహాల పొడి ఉంటాయి. నూనెను సూక్ష్మజీవులు మెల్లగా అయినా విరగ్గొడతాయి. లోహాలు మాత్రం ఎక్కడికీ పోవు, మట్టిలోనే ఉండిపోతాయి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు నీటి మీద రంగురంగుల పొర తేలితే అది ఎక్కడిదో ఇక చెప్పక్కర్లేదు.

ఇంజిన్‌కూ ముప్పే. ఆయిల్ తగ్గితే బేరింగులు పోతాయి, క్రాంక్ దెబ్బతింటుంది. అప్పుడయ్యే ఖర్చు ముందు సీలు ఖర్చు లెక్కలోకి రాదు.

ముందు తెలుసుకోవాల్సింది: ఏ ఆయిల్, ఎక్కడి నుంచి?

రాత్రి బండి ఆపాక కింద అట్టముక్క పరిచి, ట్రాక్టర్ ఏ భాగం కింద పరిచామో అట్ట మీద రాసుకోండి. పొద్దున మరక చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. తేనె రంగులో జిగటగా ఉంటే గేర్ లేదా హైడ్రాలిక్ ఆయిల్. పల్చగా ఉండి డీజిల్ వాసన కొడితే అది వేరే కథ.

మరక పడ్డ చోటే లీకు ఉందనుకోవద్దు. ఆయిల్ పై నుంచి జారుతుంది, ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైన లీకు చాంబర్ అడుగున చుక్కగా కనిపిస్తుంది. అందుకే ముందు ఇంజిన్ శుభ్రం చేయాలి. కింద రేకు తొట్టి పెట్టి, డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో జిడ్డంతా తుడవండి. ఈ పని బోరు దగ్గర, కాలువ గట్టు మీద వద్దు. ఆరాక అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, ఒక గంట బండి నడిపి ఆపండి. పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన ఉన్నదే అసలు లీకు. ఇదంతా వీడియోలో చూపించాను.

అందరూ వదిలేసేది: బ్రీదర్

ఈ రోజు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి ఎప్పుడూ చాంబర్‌లోకి దిగుతుంది. అది బయటికి పోయే దారే బ్రీదర్. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, మంచి సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ను బయటికి తోసేస్తుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల కారడం మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మా పక్క ఊళ్లో ఒక రైతు బండికి వెనక సీలు పోయిందని, బండిని రెండు ముక్కలుగా విడదీయాలని మెకానిక్ చెప్పాడు. నేను వెళ్లి చూస్తే బ్రీదర్ గొట్టం మూతికి దమ్ము మట్టి పట్టి రాయిలా ఎండిపోయి ఉంది. గొట్టం విప్పి డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి పెట్టాం. వారం తర్వాత అట్ట మీద మరక పడలేదు. అందరికీ ఇలాగే తేలిపోదు, కానీ ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇదే చేయాలి. దమ్ము సీజన్ అయ్యాక ఒకసారి, బండి చాలా రోజులు ఆగితే మరోసారి చూడండి. కందిరీగలు కూడా ఆ గొట్టంలో మట్టి గూడు కడతాయి.

బ్రీదర్ శుభ్రంగా ఉన్నా లీకు ఆగకపోతే ఇంకో పరీక్ష. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి అక్కడే పెట్టండి. చేతులు, తువ్వాలు ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గట్టిగా తంతుంటే రింగులు, లైనర్లు అరిగాయన్నమాట. అప్పుడు సీళ్లు ఎన్ని మార్చినా నిలవవు. ఇంజిన్ పనికే డబ్బు దాచుకోవడం మేలు.

గేజ్ పుల్ల ఏం చెబుతుంది?

బండిని సమంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలు ఆగి చూడండి. పై గీత దాటి పోస్తే అదీ లీకుకు కారణమే. పోయకుండానే లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తే, ఫీడ్ పంపు నుంచో ఇంజెక్షన్ పంపు నుంచో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరాయి. ఈ రెండిట్లో ఏది కనిపించినా బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

మనం చేసుకోగల పనులు

డ్రెయిన్ బోల్టు: ఆయిల్ మార్చిన ప్రతిసారీ రాగి వాచర్ కొత్తది వేయండి. కారుతోందని బోల్టును బలవంతంగా బిగిస్తే మరలు పోతాయి.

ఫిల్టర్: పాత రబ్బరు రింగు గాడిలోనే అతుక్కుని ఉంటుంది. దాని మీదే కొత్తది పెడితే ఆయిల్ చిమ్ముతుంది. పాతది సూదితో లేపి తీసి, కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి బిగించండి.

ట్యాపెట్ కవర్: రేకు కవర్ అంచులు వంగి ఉంటే చదునైన బండ మీద పెట్టి సరిచేయండి. కార్క్ ప్యాకింగ్ ఎక్కువ బిగిస్తే చిట్లిపోతుంది. గమ్ కూడా పల్చగా రాస్తే చాలు. ఎక్కువైనది లోపల రాలి ఆయిల్ జాలీకి అడ్డుపడుతుంది.

మెకానిక్‌కు వదిలేయాల్సినవి

చాలా ట్రాక్టర్లలో చాంబర్ అంటే బండి బరువు మోసే పోత ఇనుప భాగం. దాని ప్యాకింగ్ మార్చడానికి ముందు భాగాన్ని గట్టిగా ఆపాలి, ఇంట్లో జాకీతో చేసే పని కాదు.

క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం నుంచి నల్ల ఆయిల్ కారుతుంటే క్రాంక్ వెనక సీలు చూడాలి. అదే రంధ్రం నుంచి తేనె రంగు ఆయిల్ వస్తే గేర్ బాక్స్ షాఫ్టు సీలు. దేనికైనా బండిని విడదీయాల్సిందే. కాబట్టి విప్పినప్పుడే రెండు సీళ్లూ, క్లచ్ ప్లేటూ చూపించుకోండి, కూలీ ఒక్కసారితో పోతుంది. పాత సీలు షాఫ్టు మీద గాడి చేసిందేమో కూడా వేలితో తడిమి చూడమనండి. గాడి ఉంటే కొత్త సీలూ నాలుగు నాళ్లే. ఆ రంధ్రాన్ని మాత్రం ఎప్పుడూ మూసేయవద్దు. ఆయిల్ లోపల చేరితే క్లచ్ జారుతుంది.

బాగయ్యేదాకా నేల కోసం

లీకు పూర్తిగా ఆగేదాకా ఇంజిన్ కింద రేకు తొట్టి పెట్టి ఆపండి. జీవామృతం తొట్టి, పశువుల కొట్టం, బావి పక్కన ఆపవద్దు. షెడ్డులో పడ్డ ఆయిల్ మీద వరి ఊక చల్లితే పీల్చుకుంటుంది. ఆ ఊక పెంటకుప్పలో, ఘనజీవామృతంలో, మల్చింగ్‌లో కలవకూడదు. చేలో ఎక్కువ ఒలికితే ఆ మట్టిని వెంటనే పారతో ఎత్తి విడిగా సంచిలో కట్టండి.

వాడిన ఆయిల్‌ను చెదల పుట్టల్లో పోయడం, పశువుల పుండ్లకు రాయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పోగుచేసి, పాత ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే వర్క్‌షాపుకు ఇవ్వండి. ఆ డబ్బా, ఆ గరాటు కషాయాల వైపు రానీయకండి.

ఈ రాత్రికి మీ ట్రాక్టర్ కింద ఒక అట్టముక్క పరవండి. పొద్దున మరక కనిపిస్తే ముందు బ్రీదర్ విప్పండి, ఆ తర్వాతే మెకానిక్‌కు ఫోన్ చేయండి.