క్రొత్త చిత్రమునకు ప్రాత రంగు

ప్రాతవస్తువునకు లోకమున గౌరవము మెండు. అందుచేతనే క్రొత్తదానిని ప్రాతదిగా చూపవలెనను కోర్కెయు పుట్టినది. నేడు నస్రుల్లాబాదు వంటి గ్రామమునందలి యువకుడు సైతము తన చేతి ఫోనుతో పొలమునో, ఇంటి పెద్దలనో ఫొటో తీసి, నిమిషములో దానికి నూరేండ్ల వయస్సు కల్పింపగలుగుచున్నాడు. ఇది వినోదమాత్రమైనచో ఆక్షేపింప పనిలేదు. వినోదము సాక్ష్యముగా మారునప్పుడు మాత్రము విజ్ఞులు ఆలోచింపవలసి యున్నది.

ఇందలి పద్ధతి రహస్యము కాదు. డిజిటల్ చిత్రమనగా చిన్న చిన్న చుక్కల సముదాయము. ప్రతి చుక్కయందును ఎరుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత యుండవలెనో అంకెలలో నమోదై యుండును. ఆ రంగుల భేదములను అణచి, నీలమును తగ్గించి, ఎరుపును కొంత హెచ్చించినచో గోధుమరంగు వచ్చును. అంచులను చీకటి చేసి, ఇసుక చల్లినట్లు రేణువులను కలిపి, గీతలును మడతలును గల మరియొక పొరను పైన పరచినచో తాతలనాటి ఫొటో సిద్ధమగును. 2010 అక్టోబరులో వెలువడిన ఇన్‌స్టాగ్రాము మొదట జనాదరణ పొందుటకు ఇట్టి ఫిల్టర్లు ముఖ్యకారణములలో నొకటి.

అసలైన ప్రాత చిత్రములు గోధుమరంగున నుండుటకు కారణమేమి? కొన్నింటికి అది కాలము చేసిన మార్పు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై పందొమ్మిదవ శతాబ్దమున అచ్చువేసిన చిత్రములు క్రమముగా పసుపువారినవి. మరికొన్నింటికి ఛాయాగ్రాహకుడే బుద్ధిపూర్వకముగా ఆ రంగు నిచ్చెను. చిత్రమందలి వెండిని గంధకముతో సంయోగపరచినచో అది గాలికిని తేమకును త్వరగా చెడక చిరకాలము నిలుచును. ఆ సంయోగమువలన వచ్చినదే గోధుమరంగు. వారు మన్నికకై చేసిన పనిని మనము జీర్ణతకు గుర్తుగా అనుకరించుచున్నాము!

మన ప్రాంతమున ఛాయాచిత్రకళకు కీర్తి తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో విద్యనభ్యసించి, ఆరవ నిజాము మహబూబు అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదు నందెను. 1892లో హైదరాబాదున పరదా స్త్రీలకై ప్రత్యేకముగా స్టూడియో నెలకొల్పెను. 1905లో గతించెను. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. వానికి విలువ రంగువలన వచ్చినది కాదు. ఆనాటి వెలుతురు తాకిన గాజుపలక నేటికిని నిలిచి యుండుటవలన వచ్చినది.

రాజప్రాసాదములకు ఇట్టి భాగ్యము కలిగినది గాని, పల్లెలకు కలుగలేదు. కెమెరా చాలకాలము సంపన్నుల సొత్తు. గ్రామముల ప్రాత చిత్రములు అరుదు గనుక కల్పితచిత్రము అచట సులభముగా వేరూనును. నస్రుల్లాబాదున్న కామారెడ్డి జిల్లాలోనే మంజీరానదిపై నిజాముసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. నేడొకరు ఆ ఆనకట్టను ఫొటో తీసి, గోధుమరంగు పులిమి, మూలను 1931 అని వేసిరనుకొందము. అది చేతులు మారుకొలదిని అసలు చిత్రముతో నమోదైన తేదీ వివరములు తరచు రాలిపోవును. ఫొటో మాత్రము మిగులును. రెండు తరముల పిమ్మట దానిని కాదనువా రెవరు? కెమెరాయే లేకుండ చిత్రములను సృజించు కృత్రిమమేధ వచ్చిన యీ దినములలో ఈ ప్రమాదము ఇనుమడించినది.

ఈ విషయమున భూస్వాములకు తెలిసిన న్యాయమే దారి చూపును. 1872 నాటి సాక్ష్యచట్టమందును, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమందును ఒక నియమము గలదు. ముప్పది యేండ్లు నిండిన దస్తావేజు తగినవారి స్వాధీనమునుండి వచ్చినచో అందలి చేవ్రాలు నిజమైనదని న్యాయస్థానము ఊహింపవచ్చును. కాగితము ఎంత పసుపువారినదని ఈ నియమము అడుగదు. ఎవరి స్వాధీనమునుండి వచ్చినదని అడుగును. ప్రాచీనత రంగులో లేదు, పరంపరలో నున్నది. పొలము పట్టాకు ఏది ప్రమాణమో, పూర్వుల చిత్రమునకును అదియే ప్రమాణము కావలెను.

కావున ఫొటోకు ప్రాత రంగు వేయువారు వేయుదురు గాక. మూలచిత్రమును చెరుపక వేరుగా దాచవలెను. మార్చినదానిపై మార్చినట్లు వ్రాయవలెను. లేని సంవత్సరమును దానికి అంటగట్టరాదు. ఇంట నిజముగా ప్రాత ఫొటోలు గలవారు వాని ముందువైపును వెనుకవైపును ఉన్నవి ఉన్నట్లు నకలు తీయించి, అందలివారి పేర్లు, ఊరు, సంవత్సరము పెద్దలు జీవించియుండగనే అడిగి వ్రాసికొనవలెను. ఆ పెద్దలు గతించిన పిమ్మట ఏ యంత్రమును ఆ పేర్లను చెప్పజాలదు. మన బిడ్డలకు కావలసినది ప్రాతగా కనబడు చిత్రము కాదు, నమ్మదగిన చిత్రము. నేడు మనము నిజముగా తీసి, తేదీ వ్రాసి దాచిన ఫొటో, నూరేండ్లకు ఎవరి సహాయమును లేకయే ప్రాతదగును.