నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు.. అయినా తప్పిన లెక్క!

ఉస్మాన్‌గంజ్ (హైదరాబాద్): టోకు బజారులో కొమ్ములు తిరిగిన వ్యాపారి ఎవరూ బస్తాను పైపైన చూసి బేరం చెయ్యరు. ఇనుప గొట్టం అడుగుదాకా గుచ్చి, లోపలి గింజలు అరచేతిలో పోసుకుని చూస్తారు. పైన మెరిసే సరుకు, కింద తేమ పట్టిన సరుకు ఒకే బస్తాలో వుండవచ్చునని వారికి తెలుసు. ఈ బజారుకు కూతవేటు దూరంలో వుండిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్లు నూట ముప్ఫయి ఏళ్ల కిందట ఒక మందును పరీక్షకు పెట్టారు. ప్రపంచమంతా ఆ ఫలితం కోసం ఎదురుచూసింది. తీరా చూస్తే గొట్టం అడుగుదాకా దిగలేదని తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ మందు పేరు క్లోరోఫాం.

జిల్లా నుంచి బస్సెక్కి గౌలిగూడలో దిగి, రోగిని రిక్షాలో కూర్చోబెట్టుకుని ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లిన కుటుంబం లేని ఊరు అరుదు. పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతిన్న తర్వాత అక్కడ లేచిందే ఉస్మానియా. ఆ ఆవరణకు ఇంత కథ వున్నదని మాత్రం వెళ్లివచ్చిన వారిలో ఎక్కువమందికి తెలియదు.

నలుగురు అదిమి పట్టుకుంటేనే ఆపరేషన్

మత్తు మందులు రాకముందు కాలు తీయాలన్నా, గడ్డ కోయాలన్నా నలుగురు మనుషులు రోగిని బల్లకు అదిమి పట్టుకునేవారు. ఆ బాధకు భయపడి ఆపరేషనే వద్దని ప్రాణం వదులుకున్నవారు ఎందరో. 1846లో అమెరికాలో ఈథర్, 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ డాక్టరు చేతిలో క్లోరోఫాం ఆ నరకానికి తెర దించాయి.

రెంటిలో మన ఎండలకు క్లోరోఫామే అనువుగా కనిపించింది. ఈథర్ 35 డిగ్రీల వేడికే మరిగిపోతుంది. మన వైశాఖంలో నీడలో కూడా అంతకు మించిన వేడి వుంటుంది కదా! పైగా దీపం దగ్గర వుంటే భగ్గున అంటుకుంటుంది. క్లోరోఫాం అలా మండదు. గుడ్డ మీద కొన్ని చుక్కలు చాలు. చిన్న సీసా జేబులో పెట్టుకుని పోవచ్చును.

అయితే ఇంగ్లాండులో 1848 జనవరి 28న హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, నిమిషాల్లో మరణించింది. పెద్ద ఆపరేషన్ కాదు, ఒట్టి గోరు. ఆ పిల్ల ముందునుంచీ భయపడి ఏడుస్తూనే వున్నదని రికార్డుల్లో వుంది. ఆ తర్వాత అటువంటి చావులు ఒకటొకటిగా పెరిగాయి.

గుండె ఆగిందా? ఊపిరి ఆగిందా?

ఈ చావులు ఎందువల్ల అన్నదానిపై డాక్టర్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. క్లోరోఫాం నేరుగా గుండెనే దెబ్బ తీస్తుందని, అందుచేత నాడి చూస్తూ వుండాలని లండన్ వారు అన్నారు. కాదు, ముందుగా ఆగేది ఊపిరే, ఊపిరిని కనిపెట్టుకుని వుంటే ఏ ప్రమాదమూ రాదని ఎడింబరోలో సైమ్ డాక్టరు శిష్యులు వాదించారు.

ఆ శిష్యుల్లో ఒకరు ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా, ఇక్కడి వైద్య పాఠశాల అధిపతిగా పనిచేశారు. వేలమందికి తన పద్ధతిలో మత్తు ఇప్పించిన మనిషి. క్లోరోఫాం వల్ల రోగి చనిపోతే తప్పు మందుది కాదు, ఊపిరిని గమనించకుండా మందు ఇచ్చినవారిదేనని ఆయన గట్టి నమ్మకం. ఈ మాటలోని బరువు గమనించదగినది. ఎక్కడ చావు జరిగినా బల్ల పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డ చిన్న డాక్టరు దోషి కావలసిందే.

తన మాట రుజువు చెయ్యాలని లారీ 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పాటు చేయించారు. నూటికి పైగా ఊరకుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ముందు ఆగింది ఊపిరే, ఆ తర్వాతే గుండె అని తేల్చారు. లండన్‌లోని 'లాన్సెట్' వైద్య పత్రిక దీన్ని ఒప్పుకోలేదు. అక్కడి అనుభవం ఇందుకు విరుద్ధంగా వున్నదని రాసింది.

కాగా లారీ అంతటితో వూరుకోలేదు. మీ మనిషినే పంపండి, ఎదుటే చేసి చూపిస్తాం అన్నారు. ఖర్చుకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చారు. వాదంలో ఎదుటి పక్షం వాడిని తన ఖర్చుతో పిలిపించి సాక్ష్యం చూపడం ఆ రోజుల్లోనే కాదు, ఏ రోజుల్లోనైనా మెచ్చుకోదగ్గ పనే.

లండన్ డాక్టరు మాట మార్చారు

1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుపొందిన డాక్టరు ఓడెక్కి వచ్చారు. వచ్చేటప్పుడు ఆయనది గుండె వాదమే. లారీ, బ్రంటన్‌లతో పాటు బోంఫర్డ్, రుస్తుంజీ హకీం రెండవ కమిషన్‌లో సభ్యులు. కుక్కలు, కోతులు మొదలుకొని నాలుగు వందలకు పైగా జంతువులకు క్లోరోఫాం ఇచ్చారు. రక్తపోటును, శ్వాసను యంత్రాలతో గీతలుగా గీయించారు. ఈ కృషిలో చెయ్యి వేసినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఈ నగరంలోనే చదివి, ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరుగా పేరుపొందిన ఆమె 1909లో పైచదువుకు ఎడింబరో కూడా వెళ్లారు.

ఫలితం మారలేదు. ఊపిరే ముందు ఆగింది. బ్రంటన్ తన పాత అభిప్రాయం వదులుకుని లండన్‌కు తంతి కొట్టారు. 1890లో 'లాన్సెట్' నివేదికను అచ్చు వేసింది. హైదరాబాద్ పేరు దేశదేశాల వైద్యుల నోట నానింది. దీన్ని నమ్మి ఎందరో డాక్టర్లు నాడి మీది వేలు తీసేసి, ఊపిరి ఒక్కటే చూడసాగారు.

చావులు మాత్రం ఆగలేదు.

అడిగిన ప్రశ్న వేరు

కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనేవారు 1893లో వేరే పద్ధతిలో పరీక్షించి క్లోరోఫాం గుండెను కూడా తాకుతుందన్నారు. అసలు ముడి విప్పింది మాత్రం 1911లో గుడ్‌మన్ లీవీ. పిల్లులకు కొద్దిపాటి మత్తు ఇచ్చి, ఆ స్థితిలో అడ్రినలిన్ ఎక్కించి చూశారు. భయం కలిగినప్పుడు మన ఒంట్లో తనంత తానే ఊరే పదార్థం అది. అంతే, గుండె సరిగా కొట్టుకోవడం మాని గజగజ వణికి ఆగిపోయింది. విచిత్రమేమంటే, మత్తు బాగా ఎక్కిన పిల్లులకు ఈ ప్రమాదం రాలేదు.

గోరు తీయించుకోబోయిన బాలిక సంగతి ఇప్పుడు మళ్లీ చూడాలి. మందు కొంచెమే. భయం ఎక్కువ. హైదరాబాద్‌లో జంతువులకు చేసింది దీనికి తలకిందులు. మోతాదు పెంచుకుంటూ పోయి, ముందు ఏది ఆగుతుందో చూశారు. అంత మందు ఇస్తే నిజంగానే ఊపిరే ముందు ఆగుతుంది. వారి గీతల్లో అబద్ధం లేదు, దొంగ లెక్క లేదు. మందు ఎక్కువైతే ఏమవుతుందన్న ప్రశ్నకు సరైన జవాబే అది. కాని జనం చస్తున్నది మందు మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే, చిన్న చిన్న ఆపరేషన్లలో. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వందకు బదులు నాలుగు వందలు చేసినా, నాలుగు వేలు చేసినా అదే జవాబు వచ్చేది.

లారీ వైపు న్యాయం లేకపోలేదు. ఊపిరిని కనిపెట్టమన్న ఆయన పాఠం ఎందరి ప్రాణాలో కాపాడి వుంటుంది. సగం నిజాన్ని మొత్తం నిజమనుకోవడమే చిక్కు తెచ్చింది.

జంతువులను వదిలి మనుషుల లెక్క తీసినవారూ వున్నారు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ పాతిక వేలకు పైచిలుకు మత్తు కేసులు పోగు చేయించింది. ఏ మందుకు ఎందరు, వారిలో ఎందరికి ప్రమాదమని పక్కపక్కన పెట్టి చూస్తే ఈథర్ కంటే క్లోరోఫామే ప్రమాదకరమని తేలింది.

పల్లెల్లో ఈ పక్కపక్కన పెట్టడమే జరగదు. జ్వరం వచ్చిన మూడోనాడు సూది వేయిస్తారు, అయిదోనాడు తగ్గుతుంది, సూది మహత్యం అంటారు. సూది వేయించుకోని పొరుగింటాయనకు కూడా అయిదోనాడే తగ్గిందని ఎవరూ లెక్క పెట్టరు. సూది వికటించి గడ్డ కట్టినవాడి ఊసు అసలే రాదు. నీరసమని సెలైన్ ఎక్కించుకునే వారి సంగతీ అంతే.

లారీ 1901లో ఉద్యోగం విరమించి స్వదేశం వెళ్లారు, 1915లో మరణించారు. హైదరాబాద్‌లో వున్నంతకాలం ఆయన మాట మార్చుకోలేదు. క్లోరోఫాం కూడా వెంటనే పోలేదు. అలవాటు పడ్డ చేతులు దాన్ని మరి కొన్ని దశాబ్దాలు వదల్లేదు. 1956లో హాలోథేన్ వంటి మందులు వాడకంలోకి వచ్చాక గాని ఆపరేషన్ గదులనుంచి పూర్తిగా తప్పుకోలేదు.

ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద రోగి వేలికి ఒక క్లిప్పు తగిలిస్తారు, ఛాతీకి తీగలు అతికిస్తారు. తెర మీద ఒక గీత గుండెది, ఇంకొకటి ఊపిరిది. మత్తు డాక్టరు రెండూ చూస్తూ కూర్చుంటారు.