అమ్మాయికి హాయిగా ఉండే ప్యాడ్: తక్కువ ధరకు ఎక్కడ దొరుకుతుంది, ఎలా ఎంచుకోవాలి?

దుండిగల్, గండిమైసమ్మ, బహదూర్‌పల్లి, చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకు

మీ ఇంట్లో పదేళ్లు దాటిన ఆడపిల్ల ఉందా? అయితే ఇది మీ కోసమే. ఐదు నిమిషాలు చదవండి.

నెలసరి రోజుల్లో అమ్మాయి "ఇవాళ బడికి పోను" అంటే ప్రతిసారీ కడుపు నొప్పే కారణం కాదు. ప్యాడ్ పక్కకు జరుగుతుందన్న భయం కావచ్చు. తొడలు ఒరుసుకుపోయి మంట పుట్టడం కావచ్చు. బస్సులో లేచి నిలబడితే డ్రెస్‌కు మరక కనిపిస్తుందేమోనన్న దిగులు కావచ్చు. పిల్లలు ఇవన్నీ నోరు తెరిచి చెప్పరు. ఇంట్లో ఉండిపోతారు, లేదా ఒకే ప్యాడ్‌తో పొద్దంతా గడిపేస్తారు. చదువుకూ నష్టం, ఆరోగ్యానికీ నష్టం.

తక్కువ ధరకు ప్యాడ్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. అది మీ అమ్మాయికి హాయిగా ఉందా లేదా అని ఆమెనే అడగడం మిగతా సగం.

ఎక్కడ, ఎంతకు దొరుకుతుంది?

జన ఔషధి కేంద్రంలో: "జన ఔషధి సువిధ" ప్యాడ్ ఒక్కోటి 1 రూపాయి. 2018లో మొదలైనప్పుడు దీని ధర రూపాయిన్నర ఎక్కువగా, అంటే 2.50 ఉండేది. 2019 ఆగస్టు 27 నుంచి రూపాయికి తగ్గించారు. రేషన్ కార్డు, ఆధార్, డాక్టర్ చీటీ ఏదీ అక్కర్లేదు. ఎవరైనా కొనుక్కోవచ్చు. మీకు దగ్గరలో కేంద్రం ఎక్కడుందో ఫోన్‌లో "జన ఔషధి సుగమ్" యాప్ చూపిస్తుంది.

ఆశా కార్యకర్త దగ్గర: 10 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలకు 6 ప్యాడ్ల ప్యాకెట్‌ను 6 రూపాయలకు ఇచ్చే పథకాన్ని జాతీయ ఆరోగ్య మిషన్ కింద పెట్టారు. స్టాక్ ఉందో లేదో మీ ఆశా అక్కను ముందే అడగండి.

బడిలో: సమగ్ర శిక్ష పథకంలో ప్యాడ్లు ఇచ్చే యంత్రాలకు, వాడినవి కాల్చే యంత్రాలకు నిధులు ఉంటాయి. మీ అమ్మాయి బడిలో ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. అడగడానికి మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఏది సరిపోతుంది?

ముందే నాలుగైదు ప్యాకెట్లు కొనకండి. ఒక్క చిన్న ప్యాకెట్ తెచ్చి ఒక నెల వాడనివ్వండి. తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. జరుగుతోందా? రెక్కలున్న ప్యాడ్ తీసుకోండి. లోదుస్తులు వదులుగా ఉంటే ఎంత మంచి ప్యాడైనా నిలవదు. కొలతకు సరిపోయే కాటన్‌వి రెండు మూడు కొనిపెట్టండి.

2. వెనకకు లీకవుతోందా? పొడవు చాలడం లేదన్నమాట. ప్యాకెట్ మీద మిల్లీమీటర్లలో పొడవు రాసి ఉంటుంది. పగటికి 230, 240 ఉన్నవి చాలామందికి సరిపోతాయి. మొదటి రెండు రోజులకు, రాత్రికి 280 లేదా 320 ఉన్నవి చూడండి.

3. ఒరుసుకుంటోందా, దురద పెడుతోందా? పైపొర జాలీలా, ప్లాస్టిక్‌లా ఉంటే కొందరికి పడదు. దూదిలా మెత్తగా ఉండేది మార్చి చూడండి. సువాసన ఉన్నవి వద్దు, ఆ సెంటుతోనే కొందరికి దురద వస్తుంది. మన ఎండాకాలంలో చెమటతో ఈ బాధ ఇంకా ఎక్కువ.

4. ఎన్ని గంటలకు మారుస్తోంది? తడవకపోయినా 4 నుంచి 6 గంటలకు ఒకసారి మార్చాలి. పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ఐదింటికి వచ్చే పిల్లకు బ్యాగులో కనీసం రెండు ప్యాడ్లు, కాస్త పేపరు, మార్చుకోవడానికి ఒక లోదుస్తు ఉండాలి.

అన్ని రోజులకూ ఒకే రకం వాడాలని లేదు. మొదటి రెండు రోజుల రాత్రులకు పొడవైనవి నాలుగు షాపులో కొని, మిగతా రోజులకు రూపాయి ప్యాడ్లు వాడితే ఖర్చు అదుపులో ఉంటుంది.

గుడ్డ, కప్పు వాడొచ్చా?

గుడ్డ వాడటం తప్పు కాదు, సరిగ్గా ఆరకపోవడమే ప్రమాదం. ముందు చన్నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో ఆరేయాలి. చీర కిందో తలుపు వెనకో దాచి ఆరేస్తే తడి పోదు. మళ్లీ మళ్లీ వాడే గుడ్డ ప్యాడ్లకు ఐఎస్ 17514, ఒకసారి వాడి పారేసే ప్యాడ్లకు ఐఎస్ 5405 అని బీఐఎస్ ప్రమాణాలు ఉన్నాయి. కొనేముందు ప్యాకెట్ చూడండి.

సిలికాన్ కప్పును శుభ్రంగా మరిగించి వాడుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. అమ్మాయి తనంతట తాను ఇష్టపడితేనే వాడాలి. బలవంతం వద్దు.

వాడాక ఏం చేయాలి?

పేపర్లో గట్టిగా చుట్టి చెత్తబుట్టలో వేయాలి. తడి చెత్తలో కలపొద్దు. టాయిలెట్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది. విప్పి పడేస్తే చెత్త తీసే కార్మికులు దాన్ని చేతులతో ఎత్తాలి.

డాక్టర్‌కు ఎప్పుడు చూపించాలి?

• ప్యాడ్ గంటకొకటి చొప్పున వరుసగా తడిసిపోతుంటే
• రక్తస్రావం 7 రోజులు దాటితే
• నొప్పికి ప్రతినెలా బడి మానేయాల్సి వస్తుంటే
• దుర్వాసన, పుండ్లు, తగ్గని దురద ఉంటే
• 15 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలు కాకపోతే

మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూఇటూ కావడం మామూలే. రాష్ట్రంలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో నెలసరి సమస్యలకూ పరీక్షలు, చికిత్స చేర్చారు. మంగళవారాల్లో మహిళలకే ప్రత్యేకంగా చూసేలా దాన్ని పెట్టారు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో ఏ రోజు చూస్తారో కనుక్కొని వెళ్లండి. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర కూడా మానకూడదు. నెలనెలా పోయే రక్తానికి అది ఆసరా. తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగొద్దు.

నాన్నలకు ఒక మాట

మందుల షాపులో ప్యాడ్లను ఇంకా పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇస్తున్నారు. అది చూసే అమ్మాయి ఇది దాచుకోవాల్సిన విషయం అనుకుంటుంది. ఇంటి సామాన్ల చీటీలో పప్పు, నూనెతో పాటు ప్యాడ్లు కూడా రాయండి. మీరే తీసుకురండి. అమ్మాయి అడగకముందే ఇంట్లో ఉంటే, అడగలేక ఇబ్బంది పడే రోజు రాదు.

జన ఔషధి సమాచారానికి: 1800 180 8080 (టోల్ ఫ్రీ)
ఆరోగ్య సలహాకు: 104

మీ బస్తీ గ్రూపులో, మహిళా సంఘం గ్రూపులో, స్కూల్ పేరెంట్స్ గ్రూపులో ఈ పీడీఎఫ్ పంపండి.