దారి చెప్పని బోర్డులు

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున్న, కాగితం మీద ముద్ర వేయించుకునే పని ఉండి ఒక సేవాకేంద్రానికి వెళ్ళాను. ఏ కేంద్రమో, ఎక్కడిదో చెప్పను. చెప్పబోయేది ఆ ఒక్కదాని సంగతి కాదు. లోపల పాలరాతి నేల, చల్లటి గాలి, గోడ నిండా బోర్డులు. నా పక్క కుర్చీలో యాభై ఏళ్ళ మనిషొకాయన టోకెన్ చీటీ చేత పట్టుకుని తెర వంకే చూస్తున్నాడు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే విని, మనవాడేనని గుర్తుపట్టి, మెల్లగా అడిగాడు:

"సారు, జరంత చూసి చెప్పుండ్రి. నలబై ఏడు అచ్చిందని పోతే, నీది గాదు పో అన్నరు. నా నంబరు ఎప్పుడొస్తది?"

చీటీ చూశాను. సి-47. మేం కూర్చున్నది ఎ హాలు. సి హాలు అదే అంతస్తులో, లిఫ్టులకు అవతలి వైపు. ఆయనకు అంకెలు వచ్చు. అంకె ముందున్న అక్షరం ఏదో అలంకారం అనుకున్నాడు. ఇద్దరం గబగబా అటు నడిచాం. అక్కడి తెర మీద సి-61 నడుస్తోంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సెంట్రింగు పనికి వచ్చిన మనిషి, నాలుగు నెలల జీతం బాకీ గురించి ఆ పూట చెప్పుకోవలసిన మనిషి, మూడు వారాల తర్వాతి తేదీ ఒకటి పట్టుకుని బయటికి వచ్చాడు.

భవనాల డ్రాయింగులు చూసుకునే ఉద్యోగం నాది. ఇలాంటి బోర్డుల పట్టీల మీద నేనూ ఎన్నోసార్లు సంతకం పెట్టాను. అందుకే ఆ పూట ఆయనకంటె నేనే ఎక్కువ తల దించుకున్నాను.

మేముండేది లుసైల్‌లో. ఇక్కడి ఇసుకలో పెరిగే ఒక మొక్క పేరు మీదుగా వచ్చిన పేరట. 38 చదరపు కిలోమీటర్లలో, నాలుగున్నర లక్షల మందిని లెక్కలో పెట్టుకుని, కాగితం మీద ముందు గీసి తర్వాత కట్టిన ఊరు. పాత ఊళ్ళకీ ఇలాంటి ఊళ్ళకీ ఒక తేడా ఉంది. మన దగ్గర తాలూకాఫీసుకి దారి అడిగితే "రావిచెట్టు దాటి, టీ బంకు పక్క సందు" అంటారు. ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే గుమాస్తా ఉంటాడు, ఏ గదిలో ఎవరుంటారో చెబుతాడు. కొత్త ఊళ్ళో రావిచెట్టూ లేదు, గుమాస్తా లేడు. ఆ ఇద్దరి పనీ బోర్డే చేయాలి.

వీధుల వరకూ ఇక్కడి ఏర్పాటు బాగానే ఉందనాలి. ఇంటి గోడ మీద నీలం పలక చూడండి: జోను, వీధి, భవనం, మూడు అంకెలు. మన లుసైల్ 69వ జోను. 2020 జనవరిలో జాతీయ చిరునామా నమోదు మొదలైనప్పుడు మనమంతా ఆ పలక చూసుకునేగా వివరాలు నింపాం! మెట్రో లైన్లకు ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల పేర్లు పెట్టారు. 2022 జనవరి 1న మొదలైన మన ట్రామ్‌లోనూ ఆరెంజ్, పింక్ లైన్లున్నాయి. రంగు తెలిసిన వాడికి చదువుతో పని లేదు. చిక్కంతా భవనం తలుపు దాటాకే.

మొదటి చిక్కు బాణం. అరబీ కుడి నుంచి ఎడమకి, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. ఒకే పలక మీద రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. మధ్యన పెట్టిన బాణం ఏ మాటకు చెందిందో చదివేవాడికి తెలియాలి, చదవలేని వాడికి ఇంకా బాగా తెలియాలి. ఇక పైకి చూపే బాణం: మాకు "తిన్నగా పొండి" అని అర్థం, మనవాళ్ళకు "మేడ ఎక్కండి" అని అర్థం. మెట్ల పక్కనే ఆ బాణం పెడితే ఎక్కి దిగడమే సరిపోతుంది. అంతస్తులు మరో తమాషా. ఇక్కడి చాలా భవనాల్లో లిఫ్టులో జి తర్వాత ఎమ్ వస్తుంది, ఆ తర్వాత గాని 1 రాదు. మొదటి అంతస్తుకు రమ్మంటే మనవాడు మెట్లెక్కి ఎమ్ దగ్గరే ఆగిపోతాడు.

అంకెల్లోనూ మోసముంది. ఇక్కడి అరబీ అంకెల్లో అయిదు అచ్చం మన సున్నలా ఉంటుంది. సున్న ఒట్టి చుక్క. ఆరు ఇంగ్లీషు ఏడులా కనిపిస్తుంది. మనం ఎప్పుడో అలవాటు పడ్డాం. నిన్న దిగినవాడు పడలేదు.

2019లో వచ్చిన 7వ నంబరు చట్టం ప్రకారం బోర్డుల మీద అరబీకి మొదటి స్థానం. న్యాయమే, వాళ్ళ ఊరు, వాళ్ళ భాష. ప్రతి బోర్డు మీదా తెలుగు కావాలని నేననను. అలా మొదలుపెడితే నేపాలీ, బెంగాలీ, సింహళం అన్నీ రావాలి, గోడ చాలదు. (మెట్రాష్2 ఉన్న రోజుల్లో ఆరు భాషలుండేవి, వాటిలో మలయాళం ఉండేది, తెలుగు ఉండేది కాదు. ఆ ఉక్రోషం వేరే సంగతి.) రెండు భాషలూ రానివాడికి కూడా బోర్డు పనికి రావాలంటే ఎలా అన్నదే ప్రశ్న.

దీనికి జవాబు మన దేశానికి కొత్తది కాదు. 1951-52 ఎన్నికల్లో అక్షరం రాని కోట్ల మంది గుర్తు చూసి ఓటు వేశారు. కాడెద్దులంటే ఏ పార్టీయో మన అమ్మమ్మలకు తెలుసు. మెక్సికో నగరంలో 1969లో మెట్రో మొదలైనప్పుడు ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ పెట్టారు, చదవలేని వాళ్ళూ దిగవలసిన చోట దిగాలని. తలుపులోంచి పరుగెత్తే ఆకుపచ్చ మనిషి జపాన్‌లో పుట్టి 1985 నుంచి అంతర్జాతీయ ప్రమాణమయ్యాడు; నిప్పంటుకుంటే ఎటు పోవాలో ఎవరూ చదువుకోనక్కర లేదు. దోహా విమానాశ్రయంలో మనం "ఎలుగుబంటి దగ్గర కలుద్దాం" అనుకోవడమూ అదే. ఎ, బి, సి హాళ్ళకు పడవ, డేగ, ఖర్జూరం చెట్టు పెట్టి, అవే టోకెన్ చీటీ మీదా అచ్చువేస్తే ఖర్చెంత?

ఖర్చు మాట వచ్చింది గనక మా వాళ్ళ గుట్టొకటి చెప్పేస్తాను. బోర్డుల పని ఎప్పుడూ అన్నిటికన్నా చివర వస్తుంది. అప్పటికి డబ్బయిపోయి ఉంటుంది, గడువు ముంచుకొచ్చి ఉంటుంది, సీలింగు మూసేసి ఉంటారు. వేలాడే బోర్డుకు అడ్డంగా దీపమో కెమెరావో వస్తుంది. అంగుళం ఎత్తు అక్షరం సుమారు పాతిక అడుగుల దూరం నుంచి కనిపిస్తుందని ఒక మోటు లెక్క ఉంది. అది తెలిసీ, "అందంగా లేదు" అని అక్షరాన్ని సగం చేసేస్తారు. మెరిసే స్టీలు పలక మీద తెల్ల అక్షరాలు ఎండ పడగానే మాయమవుతాయి. అన్నిటికీ మించి, తనిఖీ చేసేది ఆ భవనం గీసిన మేమే. మాకు దారి ముందే తెలుసు. తప్పిపోవడం మావల్ల కాదు.

2022 ప్రపంచ కప్పు ఫైనలు మన లుసైల్ స్టేడియంలోనే జరిగింది. ఆ నెల రోజులూ ఎన్ని బోర్డులు పెట్టలేదు! అయినా జనానికి గుర్తున్నది సూక్ వాకిఫ్ దగ్గర ఎత్తు కుర్చీలో కూర్చుని, పెద్ద నురుగు చెయ్యి ఊపుతూ, మెగాఫోన్‌లో మెట్రోకి దారి ఇటు అని పాడినట్టు అరిచిన కెన్యా యువకుడే. ఎత్తున ఉన్నాడు, ఒక్క మాటే చెప్పాడు, దారి చీలే చోటే ఉన్నాడు. బోర్డుకు కావలసిన మూడు గుణాలూ అవే.

మొన్న మా ఆఫీసుకి ఒక భవనం బోర్డుల నమూనాలు వచ్చాయి. ఈసారి సంతకం పెట్టే ముందు, టీ తెచ్చే కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళి, కాగితపు బోర్డులు తాత్కాలికంగా అంటించి, ఫలానా గదికి వెళ్ళు బాబూ అన్నాను. రెండు చోట్ల తప్పాడు. ఒక చోట బోర్డు మలుపు దాటాక ఉంది. ఇంకో చోట బాణం పైకి ఉంది. రెండూ మార్చాం. మా పెద్దాయన కాస్త విసుక్కున్నాడనుకోండి.

ఆ సేవాకేంద్రం మెట్ల మీద కూర్చుని, సెంట్రింగు పెద్దాయన చీటీ వెనక అరబీ అంకెలు పదీ రాసి, కింద మన అంకెలు వేసి ఇచ్చాను. సి అక్షరం పెద్దది చేసి గీసి, ఇది కనిపించే చోటే కూర్చోవాలన్నా అని చెప్పాను. ఫోను కవరు వెనక పెట్టుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఫోను వచ్చింది.

"సారూ, అద్దసంద్రుడి హాలు దొర్కింది. నంబరింకా రాలే. కూసున్న."