ఖలీఫా ఉమర్ (రజి) కాలంలో రాష్ట్రాల విభజన

ఒక దేశాన్ని రాష్ట్రాలుగా, జిల్లాలుగా విభజించడమంటే పటం మీద గీతలు గీయడం మాత్రమే కాదు. ఒక ప్రాంతంలో శిస్తు ఎవరు వసూలు చేయాలి, సైన్యాన్ని ఎవరు నడపాలి, తగవులు ఎవరు తీర్చాలి, వీరంతా ఎవరికి జవాబు చెప్పుకోవాలి అనే ప్రశ్నలకు సమాధానమే విభజనలోని అసలు విషయం. ఇస్లామీయ చరిత్రలో ఈ ప్రశ్నలు పెద్ద ఎత్తున ఎదురైంది రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో (క్రీ.శ. 634-644).

దైవప్రవక్త (స) కాలంలోనే మక్కాకు అత్తాబ్ బిన్ అసీద్ (రజి), యమన్‌కు ముఆజ్ బిన్ జబల్ (రజి) వంటివారు అధికారులుగా నియమితులయ్యారు. అయితే అప్పటి రాజ్యం అరేబియాకే పరిమితం. ఉమర్ (రజి) కాలంలో సిరియా, ఇరాక్, ఈజిప్టు, ఇరాన్‌లోని పెక్కు ప్రాంతాలు అందులో చేరాయి. హిజ్రీ 20 నాటికి రాజ్యం మక్కా, మదీనా, సిరియా, జజీరా, బస్రా, కూఫా, ఈజిప్టు, పాలస్తీనా అనే ఎనిమిది రాష్ట్రాలుగా ఉండేదని మౌలానా షిబ్లీ నౌమానీ తన 'అల్ ఫారూఖ్' గ్రంథంలో వివరించారు.

కొత్త పాలకులు పాత హద్దులన్నిటినీ చెరిపివేయలేదు. ఇరాక్‌లోని సారవంతమైన సవాద్ ప్రాంతంలో ఇరాన్ చక్రవర్తుల నాటి విభాగాలే కొనసాగాయి. దానిలో 12 కూరాలు, వాటి క్రింద 60 తస్సూజులు ఉండేవని అరబ్ భూగోళ శాస్త్రజ్ఞులు వ్రాశారు. శిస్తు లెక్కలు కూడా ఆ తరువాత చాలా కాలం వరకు పారశీక భాషలోనే సాగాయి. వాటిని అరబీలోకి మార్చింది ఖలీఫా అబ్దుల్ మలిక్ (685-705) కాలంలో. రైతుకు తెలిసిన హద్దు, గుమాస్తాకు తెలిసిన లెక్క ఉన్నట్టుండి మారితే వసూలూ సాగదు, న్యాయమూ జరగదు.

సిరియాలో ఏర్పాటు వేరు. అక్కడి విభాగాన్ని 'జుంద్' అనేవారు. ఈ మాటకు సైన్యమని అర్థం. దమిష్క్, హిమ్స్, ఉర్దున్, ఫిలస్తీన్ అనేవి మొదటి నాలుగు జుందులు. ఒక్కొక్క జుంద్ సముద్రతీరం నుండి లోపలి ఎడారి వైపుకు అడ్డంగా సాగేది. బైరూత్, సైదా రేవులు దమిష్క్‌కు, సూర్, అక్కా రేవులు ఉర్దున్‌కు చెందేవి. రూమీ నౌకాదళం నుండి తీరాన్ని కాపాడే సైన్యానికి వెనుకనున్న పొలాల ఆదాయమే ఆధారం.

హద్దుల కంటె ముఖ్యమైనది అధికారాల పంపిణీ. కూఫాకు ఉమర్ (రజి) ఒకేసారి ముగ్గురిని పంపారు. నమాజుకు, సైన్యానికి అమ్మార్ బిన్ యాసిర్ (రజి), న్యాయానికి, బైతుల్ మాల్‌కు అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి), భూమి కొలతకు ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) బాధ్యులు. వారి భత్యంగా రోజుకొక గొర్రెను నిర్ణయించి, సగం అమ్మార్‌కు, తక్కిన సగం మిగిలిన ఇద్దరికీ పంచారు. రోజూ ఒక గొర్రెను పోగొట్టుకునే నేల త్వరలోనే చితికిపోతుందని ఆయన అన్నట్లు ఖాజీ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లో ఉంది. అధికారుల తిండి ఖర్చు కూడా ప్రజల మీది భారమేనని దీని భావం. సవాద్ భూమి కొలతలో 3 కోట్ల 60 లక్షల జరీబులుగా తేలింది. ఆ నేల భరించలేనంత శిస్తు వేశారేమోనని ఉమర్ (రజి) కొలిచినవారిని పిలిచి విచారించారు.

వాలీల మీద తనిఖీ కూడా ఉండేది. నియామక సమయంలోనే వారి ఆస్తి వివరాలు వ్రాయించేవారు. హజ్ సమయంలో ప్రజలు వారిపై ఫిర్యాదు చేసుకునే వీలుండేది. కూఫావాసులు తమ వాలీ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)పై ఫిర్యాదు చేసినప్పుడు, ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) అక్కడికే వెళ్ళి మసీదు మసీదునా విచారణ జరిపారు.

అధికారాలను విడదీయడం అందరికీ రుచించలేదు. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఈజిప్టులో సైన్యాన్ని అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు, శిస్తును మరొకరికి అప్పగించదలచారు. తాను ఆవు కొమ్ములు పట్టుకుని ఉంటే వేరొకరు పాలు పిండుకున్నట్లుంటుందని అమ్ర్ (రజి) ఒప్పుకోలేదట. ఖడ్గమూ ఖజానా ఒకే చేతిలో ఉండాలా అన్న వివాదం అంత పాతది.

మనం నేడు వాడే జిల్లా, తాలూకా, తహసీలు అనే మాటలు అరబీ మూలం గలవి. తహసీలంటే వసూలు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినా తహసీల్దారు పేరు నేటికీ వాడుకలో ఉంది. బ్రిటిష్ పాలనలో జిల్లా కలెక్టరే శిస్తు వసూలుదారు, మేజిస్ట్రేటు కూడా. ఈ రెండింటినీ వేరుచేయాలని భారత రాజ్యాంగం 50వ అధికరణం నిర్దేశించింది. 1974లో అమలుకు వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నేర విచారణను జుడీషియల్ మేజిస్ట్రేటులకు అప్పగించింది. హద్దులు ఎన్నిసార్లు మారినా, వసూలు చేసే చేయి తీర్పు చెప్పే చేయి ఒకటి కాకుండా చూడడమే ప్రజలకు రక్షణ.